పదిహేడు వేల కిలోమీటర్ల గడప

శుక్రవారం పొద్దున్నే గడప కడిగి పసుపు రాయడానికి కూర్చున్న గున్నమ్మకు ఒళ్ళు మండింది. గిన్నెలో పసుపు అయిపోయింది, గడప ఇంకా మిగిలింది.

"ఏటిరా ఈ పసుపు? ఇంతకముందు సగం గిన్ని కలిపితే గడపంతా సరిపోయీది. ఇప్పుడు నిండుగిన్ని కలిపినా ఆ కొసకి సాలట్లేదు. నీకు కల్తీ సరుకు అంటగట్టీసినాడు ఆ కొట్టోడు," అని కొడుకు మీద పడింది.

"అయితే ఈసారి నువ్వే ఎల్లి తెచ్చుకో, నా బుర్ర తినకు," అన్నాడు కూర్మారావు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, వేసవి సెలవులని ఇంట్లో ఉన్నాడు. బడిలో పిల్లలు హడలిపోయే మనిషి, ఇంట్లో తల్లి ముందు మాత్రం పిల్లి.

ఈ గొడవ ఆయన భార్య ఇందుమతి చెవికెక్కలేదు. ఆమెకి ఆ రోజు తిండి లేదు, నిన్న నిద్రా లేదు. బ్యాగు భుజాన వేసుకుని హడావిడిగా గడప దాటబోయి తూలి, ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకుంది. దాటేశాననుకుని వేసిన కాలు ఇంకా గడప మీదే పడింది. ఆ వారంలో అలా అవడం మొదటిసారి కాదు. నిద్రలేక కళ్ళు మోసం చేస్తున్నాయి, ఈ రోజు గడిస్తే చాలు, పడుకుంటాను అనుకుంది.

ఏడేళ్ళ కుందన వెనకాలే వచ్చి తల్లి చున్నీ పట్టుకుంది. "అమ్మా, నీ విమానం మన ఇంటి మీంచే వస్తుందా?"

"మన ఇంటి మీంచే. పదింబావుకి వస్తుంది. ఎండలోకి పోకుండా గడప దగ్గర నిలబడి చూడు."

"నిలబడితే నిలబడు గానీ, దాని మీద కూకోకే," అంది గున్నమ్మ. "గడప మీద కూకుంటే లచ్చిందేవి ఇంట్లోకి రాదు."

"అబ్బా, తెలుసు నానమ్మా. రోజూ చెప్తావు." పిల్ల మూతి తిప్పింది.

ఇందుమతి నవ్వుకుంటూ కారెక్కింది. గడప దగ్గర నిలబడమని తనే చెప్పింది. తర్వాత ఎన్నిసార్లు తలబాదుకున్నా ఆ మాట వెనక్కి రాలేదు.

వాళ్ళ ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో, సరుగుడు తోటలు దాటాక, సముద్రపు ఒడ్డున నీలాడ విమానాశ్రయం. అక్కణ్ణుంచి చిలీ దేశపు నడిభాగంలో ఉన్న సాన్ లూకాస్ విమానాశ్రయానికి పదిహేడు వేల కిలోమీటర్లు. మామూలుగా వెళ్ళాలంటే మూడు విమానాలు మారాలి, ముప్పై గంటలు పడుతుంది, దిగేసరికి కాళ్ళు వాచి, ఏది పగలో ఏది రాత్రో తెలియని అయోమయం. ఆ దూరాన్ని మడత వేస్తే మాత్రం యాభై నిమిషాలు. ఆ మడత వేసే యంత్రానికి ఇందుమతే ప్రధాన ఇంజనీరు.

పోయిన వారం ఒక టీవీ అమ్మాయి వచ్చి, మా అమ్మమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పండి మేడమ్ అంది. ఇందుమతి ఆ పిల్ల కట్టుకున్న చీరే చూపించింది. "ఈ చీర ఎన్ని గజాలు? అంత పొడుగు గుడ్డ నీ నడుము దగ్గర ఎలా ఇమిడింది? కుచ్చిళ్ళు పోశావు. రెండు కొసలూ దగ్గరికొచ్చాయి. మేమూ అంతే. రెండు విమానాశ్రయాల మధ్యనున్న దూరానికి కుచ్చిళ్ళు పోస్తాం."

"మరి ఆ కుచ్చిళ్ళన్నీ ఎక్కడ దోపుతారు మేడమ్?" అని ఆ అమ్మాయి నవ్వింది.

మంచి ప్రశ్నే. దూరం ఎక్కడికీ పోదు, ఎక్కడో ఒకచోట పోగుపడుతుంది. అందుకే మూడు కడియాలు చేశారు. ఒకే పోతలో పోసిన లోహం అది. ఒక కడియం నీలాడ రన్‌వే కింద, ఒకటి సాన్ లూకాస్ రన్‌వే కింద పాతారు. మూడోది హిందూ మహాసముద్రంలో ఓడలు తిరగని చోట, లోతు తక్కువున్న మిట్ట చూసి, నీటి అడుగున మట్టిలో పాతారు. విమానం మడతలో ఉన్నంతసేపూ ఆ దూరమంతా ఆ మూడో కడియం మీద పోగుపడుతుంది. విమానం దిగాక మడత వదిలేస్తే మళ్ళీ సర్దుకుంటుంది. "అక్కడ ఎవరూ ఉండరు," అంది ఇందుమతి కెమెరా ముందు.

నిజానికి అక్కడ అయిదుగురున్నారు. కడియానికి కాపలాగా ఒక పడవను, ఆ కడియానికే గొలుసు కట్టి లంగరు వేసి పెట్టారు. దాన్ని నడిపే సరంగు దానయ్య నీలాడ రేవు మనిషే. రెండు నెలలకు సరిపడా బియ్యం, నీళ్ళు ఎక్కించి పంపారు. మూడు వారాలపాటు రోజుకు రెండుసార్లు ఖాళీ విమానాలతో పరీక్షలు చేశాక దానయ్య రేడియోలో మాట్లాడాడు. "అమ్మా, బియ్యం అయిపోనాయి. ఇక్కడ పొద్దు కదలట్లేదమ్మా. కూకుంటే కూకున్నట్టే ఉంటన్నాది. మమ్మల్ని తీసుకెల్లిపోండి," అన్నాడు.

డైరెక్టరు జోగారావు గారు అది విని విసుక్కున్నారు. "మూడు వారాల్లో రెండు నెలల బియ్యం తినేశారా? దారితప్పిన ఏ ఓడకో అమ్ముకుని తాగేసుంటారు. పొద్దు కదలడం లేదట! సరుకు పంపిద్దాం గానీ, లంగరు తీయొద్దని గట్టిగా చెప్పండి." ఆ మాట దానయ్యకు చేరవేసింది ఇందుమతే. తాగుంటారనే ఆమె కూడా అనుకుంది. పని ఒత్తిడిలో ఉన్న మనిషికి అలా అనుకోవడం సులువు.

ఆ శుక్రవారం మొట్టమొదటిసారి మనుషులతో విమానం. నూట ఎనభై మంది. సాన్ లూకాస్‌లో బయలుదేరింది, మడతలోకి వచ్చింది, తెరమీద పచ్చ చుక్కలా నెమ్మదిగా కదులుతోంది. కంట్రోల్ రూములో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయడం లేదు. జోగారావు గారు చేతులు వెనక్కి కట్టుకుని ఇందుమతి కుర్చీ వెనకాల నిలబడ్డారు.

అప్పుడు రేడియోలో దానయ్య గొంతు వచ్చింది. బాగా నీరసించిన గొంతు.

"అమ్మా, కడియం పైకి లాగీసినాం. ఇంక మా వల్ల కాదు. మా పిల్లల మొకాలు సూడాలి మేం."

"దానయ్యా! ఇప్పుడొద్దు! విమానం దార్లో ఉంది!" ఇందుమతి కుర్చీలోంచి లేచిపోయింది. అవతల చైను గీరుకున్న చప్పుడు, ఎవరో ఏడ్చిన చప్పుడు వినిపించి ఆగిపోయాయి.

కడియం మట్టిలోంచి ఊడితే మడత తెగిపోవాలి. తెగితే విమానం ఉన్నపళంగా దక్షిణ సముద్రం నడిమధ్యన, ఏ ఒడ్డుకీ అందని చోట తేలుతుంది. యాభై నిమిషాల ప్రయాణానికి సరిపడా ఇంధనమే పోశారు, ఈ దారి లాభమంతా అక్కడే ఉందని కంపెనీవాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు కూడా. అందరి కళ్ళూ తెరమీదే ఉన్నాయి. పచ్చ చుక్క ఆగలేదు, మాయమవలేదు. అలాగే వస్తోంది.

"హమ్మయ్య," అన్నారు జోగారావు గారు నుదురు తుడుచుకుంటూ. "మరి కుచ్చిళ్ళు ఎక్కడ దిగాయి?"

ఇందుమతి రెండో తెర చూసింది. దూరం పోగుపడే చోటుని చూపించే ఎర్ర గుర్తు సముద్రంలో లేదు. నీలాడలోనే ఉంది. విమానాశ్రయానికి మూడు కిలోమీటర్ల దూరంలో, సరుగుడు తోటల అవతల.

ఆమె ఫోను మోగింది.

"ఇందూ!" కూర్మారావు గొంతు గుర్తుపట్టేలా లేదు. "ఇందూ, గడప సాగిపోతున్నాదే. నేనూ అమ్మా విమానం సూద్దారని ముందే వాకిట్లోకి వచ్చినాం. పిల్ల గడప మీద నిలబడ్డాది. నా కళ్ళముందే అది ఎనక్కి ఎనక్కి ఎల్లిపోతున్నాది. అది నడవట్లేదే, గడపే పెరిగిపోతున్నాది! ద్వారబంధం సొరంగంలాగ అయిపోనాది. పసుపు, కుంకం బొట్లు, అన్నీ సాగిపోతున్నాయి. నేను లోపలికి పరిగెడుతున్నాను, అందట్లేదే!"

ఇందుమతి ఫోను చెవికి అదుముకుంది. రెండేళ్ళ క్రితం ఇల్లు కట్టుకునేటప్పుడు సింహద్వారం నిలబెట్టిన రోజు గుర్తొచ్చింది. ఆనవాయితీ ప్రకారం గడప కింద నవరత్నాలు, పంచలోహం ముక్కలు వేశారు. వాటితోపాటు ఆమె ఇంకొకటి వేసింది. కడియాలు పోత పోసినప్పుడు మిగిలిన తునక. ఎంత కష్టపడి చేసిన లోహం, ఇంటికి శుభం అని జోగారావు గారే ఇచ్చారు. ఆమె కళ్ళకద్దుకుని మట్టిలో పెట్టి, పైన గడప దించింది. అదే పోత లోహం మట్టిలో ఉంటే దూరానికి అదీ కడియమే. పరీక్షలప్పుడే ఆ దూరంలో ఒక పిసరు వచ్చి తన గుమ్మంలో ఉండిపోయింది, పొద్దున్న కాలు గడప మీద పడింది అందుకే. ఇప్పుడు మొత్తం వచ్చి పడింది.

"సార్," అంది జోగారావు గారి వైపు తిరిగి. "మీరిచ్చిన ముక్క మా గడప కింద ఉంది. దాని మీద మా పాప ఉంది."

ఆయన ఎర్ర గుర్తు దగ్గరికి వంగి చూశారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ప్రయోగశాలలో మొదట్లో కుచ్చిళ్ళు పడే చోట రకరకాల వస్తువులు పెట్టి చూశారు. మడత వదిలాక కదలకుండా ఉన్న వస్తువు ఉన్నట్టే తిరిగొచ్చింది. కీ ఇచ్చి పరిగెత్తించిన బొమ్మ బస్సు మాత్రం మూడు ముక్కలై వచ్చింది. విరిగినట్టు కాదు, పదునైన కత్తితో కోసినట్టు. ఒక ముక్క బల్లకి ఈ వైపు, రెండు ముక్కలు ఆ వైపు. ఆ బస్సు కుందనది. పోయిందని చెప్పి ఇందుమతి ఇంకోటి కొనిచ్చింది.

"ఏమండీ, ఆగండి! పరిగెత్తకండి. ఉన్నచోట ఆగండి. పాప ఏం చేస్తోంది?"

"పరిగెత్తుకొస్తున్నాది నా వైపు. నేనే రమ్మన్నాను. పరిగెట్టు తల్లీ, పరిగెట్టు అన్నాను."

"అయ్యో, వద్దు! ఆపండి దాన్ని. కూర్చోమనండి. కదిలితే..." కోసిన బొమ్మ బస్సు ఆమె కళ్ళముందు మెదిలింది. "కదిలితే పాప మనకి దక్కదు. మడత వదిలేటప్పుడు అది కదలకుండా ఉండాలి. మీరు వెనక్కి వచ్చేయండి, గడప దిగిపోండి. నా మాట వినండి."

కూర్మారావు ఎందుకని అడగలేదు. పరిగెత్తిన దూరం కంటే తిరిగి రావాల్సిన దూరం ఎక్కువైంది. రొప్పుతూ వాకిట్లోకి పడి, "కుందనా, కూర్చో! కదలకు!" అని అరిచాడు. అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. ఎండకు చేతులడ్డం పెట్టుకుని చూస్తే పసుపు రంగు దారిలో చాలా దూరాన చిన్న గౌను ఇంకా ఊగుతూ వస్తోంది.

"నీ గొంతు సాలదురా. తప్పుకో," అని గున్నమ్మ ముందుకొచ్చింది. వయసులో ఉన్నప్పుడు పొలం ఈ గట్టున నిలబడి ఆ గట్టునున్న కూలోళ్ళని కేకేసిన మనిషి. కొంగు నడుముకి బిగించి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"కుందనా! కూకో తల్లీ! గడప మీద కూకో!"

ఫోనులో ఆ కేక ఇందుమతికి కూడా వినిపించింది. తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి, గాలికి కొట్టుకొచ్చినట్టు, పిల్ల గొంతు సన్నగా వచ్చింది.

"కూర్చోకూడదు కదా నానమ్మా!"

గున్నమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "నాను సెప్తన్నాను కదే! లచ్చిందేవి ఏటీ అనుకోదు! కూకో! నానొచ్చి లెగమన్నదాకా లెగకు! నా మీద ఒట్టు!"

ఈసారి జవాబు రాలేదు. వచ్చే లోపే ఆ దూరం ఇంకెంత పెరిగిందో. గౌను రంగు కనబడడం మానేసింది, చుక్క కూడా కనబడడం మానేసింది.

"కూర్చుందా?" అంది ఇందుమతి.

"తెలీదే," అన్నాడు కూర్మారావు. "కనబట్లేదు."

ఇంకా అరగంటకు పైగా ప్రయాణం ఉంది. కంట్రోల్ రూములో ఉన్నవాళ్ళెవరూ ఇందుమతి ముఖం చూడలేకపోయారు. ఆమె తెర చూస్తూ కూర్చుంది. ఆ పచ్చ చుక్కలో నూట ఎనభై మంది ఉన్నారు, వాళ్ళకీ పిల్లలున్నారు. ఇప్పుడే మడత వదిలేస్తే ఏమవుతుందన్న ఆలోచన ఒక్కసారి రాకపోలేదు. వచ్చింది. చెయ్యి మీట దాకా వెళ్ళింది కూడా. జోగారావు గారు ఆ చేతిని చూశారు. ఆమే వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పాప పరిగెడుతూ ఉంటే ఇప్పుడు వదిలినా ఒకటే, అప్పుడు వదిలినా ఒకటే. ఆ పిల్ల నానమ్మ మాట వింటుందా? పప్పన్నం తినమంటే వినదు, జడ వేయించుకోమంటే వినదు. ఒంటరిగా, భయపడుతూ, అమ్మా నాన్నా కనబడని చోట, ఎంతసేపని కూర్చుంటుంది? లేచి నడవాలని ఏ పిల్లకు ఉండదు? ఇందుమతి మనసులో దేవుళ్ళందరినీ పిలిచింది, తర్వాత కూతురినే పిలవడం మొదలుపెట్టింది. కూర్చో అమ్మా. కూర్చో బంగారూ. లేవకు.

విమానం మడత దాటి నీలాడ ఆకాశంలోకి వచ్చింది. రన్‌వే మీద చక్రాలు ఆనాయి. కిటికీ అవతల బాజాలు మోగాయి, ఎవరో పూలు చల్లారు. స్పీకర్లో పైలట్ మాటలు, వెనకాల ప్రయాణికుల చప్పట్లు వినిపించాయి. ముప్పై గంటలు మిగిలాయని ఎవరో కేకలు వేస్తున్నారు.

"కడియాలు వేడెక్కుతున్నాయి ఇందుమతీ," అన్నారు జోగారావు గారు మెల్లగా. "ఇంకెంతోసేపు పట్టి ఉంచలేం. వాటంతటవి తెగితే పాప కూర్చున్నా లాభం ఉండదు. నన్ను వదలమంటారా?"

"వద్దు సార్. నేనే వదులుతాను."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. కూతురు ముక్కలైతే ఆ పని ఇంకొకరి చేతిమీదుగా జరగకూడదనుకుందో ఏమో. చెవి దగ్గర ఫోను పెట్టుకుని, "వదులుతున్నాను, చూస్తూ ఉండండి," అని మొగుడికి చెప్పి, మీట నెమ్మదిగా కిందికి దించింది.

"కదులుతున్నాది," అన్నాడు కూర్మారావు. "దగ్గరికొస్తున్నాది. కుంకం బొట్లు కనబడుతున్నాయి. అటేపు మన హాలు కనబడుతున్నాది. ఇంకా పిల్ల కనబట్లేదే. ఇందూ, ఏదో కనబడుతున్నాది, నేల మీద ఏదో..."

ఆ తర్వాత ఆయన మాట ఆగిపోయింది. ఫోను కిందపడిన చప్పుడయింది. గున్నమ్మ గావుకేక పెట్టింది, "ఓలమ్మో! నా తల్లో!" అని. ఆ ఏడుపు ఎలాంటి ఏడుపో ఇందుమతికి అంతు పట్టలేదు. "ఏమండీ! ఏమండీ!" అని అరిచింది. ఎవరూ పలకలేదు.

ఆమె కారు ఎలా తీసిందో, గేటు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. రోజూ వెళ్ళే దారే, మూడు కిలోమీటర్లే. సరుగుడు తోట అయిపోవడం లేదనిపించింది. దారి నిజంగా సాగుతోందేమోనని చచ్చే భయం పుట్టింది. తోట అయిపోయింది. వీధి మలుపు వచ్చింది. కారు మధ్యలోనే వదిలేసి పరిగెత్తింది.

గడప ఎప్పటిలాగే ఉంది. దాని మీద కుందన కూర్చుని ఉంది.

మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులతో చుట్టేసుకుని కూర్చుంది. చెయ్యీ కాలూ అన్నీ ఉన్నాయి. ఇందుమతి తడిమి తడిమి చూసింది, వేళ్ళు లెక్కపెట్టింది, జుట్టు విడదీసి నెత్తి చూసింది. పిల్ల పెదాలు పగిలి రక్తం చారలు కట్టాయి. గౌను తడిసి, ఆరి, మళ్ళీ తడిసిన వాసన. కళ్ళు గుంటలు పడ్డాయి. పొద్దున్న వదిలి వెళ్ళిన పిల్లలా లేదు.

"లెగమంటే లెగట్లేదమ్మీ," అంది గున్నమ్మ ఏడుస్తూ. "నిజింగా నువ్వేనా అని నన్నే అడుగుతున్నాది."

గ్లాసుతో నీళ్ళు పడితే కుందన గటగటా తాగేసి, ఇంకా అంది, ఇంకా తాగింది. గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా చెప్పింది. "నేను కదల్లేదమ్మా. నానమ్మ ఒట్టు పెట్టింది కదా. రెండుసార్లు నిద్రొచ్చింది. లేచి చూస్తే మీరెవరూ లేరు. ఎక్కాలన్నీ చెప్పుకున్నా. పాటలన్నీ పాడుకున్నా. చీకటి పడుతుందేమో అని భయమేసింది, కానీ పడలేదు. పొద్దు కదల్లేదమ్మా అసలు."

ఇందుమతి వాకిట్లో ఎండ చూసింది. ఇంకా పదకొండు కూడా కాలేదు. దూరంతోపాటు ఏం పోగుపడిందో అప్పుడు అర్థమయింది. ఆ విమానంలో వాళ్ళు మిగుల్చుకుని చప్పట్లు కొట్టిన ముప్పై గంటలు ఎక్కడికీ పోలేదు. వాటిని తన ఏడేళ్ళ కూతురు ఈ కొయ్య మీద కూర్చుని, తిండీ నీళ్ళూ లేకుండా గడిపింది. దానయ్యా, అతని మనుషులూ లంగరు వేసిన కదలని పడవలో మూడు వారాలు రోజుకు రెండుసార్లు గడిపారు. బియ్యం అమ్ముకోలేదు వాళ్ళు. తిన్నారు. అన్ని రోజులు బతికారు కాబట్టి తిన్నారు. రేడియోలో ఆ మనిషి బతిమాలుకుంటే లంగరు తీయొద్దని చెప్పింది తనే.

పిల్లని ఎత్తుకుని లోపల పడుకోబెట్టారు. గున్నమ్మ గంజి కాచి చెంచాతో పట్టింది. కుందన తాగుతూ తాగుతూ నిద్రపోయింది. నానమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఫోను మోగింది. జోగారావు గారు. పాప క్షేమమని అప్పటికే విన్నట్టున్నారు, ఆయన గొంతులో ఏడుపు తడి ఉంది. మంచి మనిషే. పాపకి డాక్టరును పంపిస్తానన్నారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు.

"సాయంత్రం నాలుగింటికి తిరుగు విమానం ఉంది కదా. జనం టికెట్లు కొనుక్కుని వచ్చి కూర్చున్నారు. పైనుంచి ఒకటే ఫోన్లు. మనవాళ్ళని పంపిస్తున్నాను. గడప తవ్వి ఆ ముక్క తీసేస్తారు. ఎక్కడో అడవిలో, మనుషులు లేనిచోట పాతిద్దాం. మీ ఇంట్లోంచి తీసేస్తాం కదమ్మా, ఇంక మీకేం భయం లేదు."

"మనుషులు లేనిచోటని మనిద్దరం మ్యాపు చూసే చెప్పాం సార్. దానయ్య అక్కడే ఉన్నాడు."

"అది వేరు."

"ఏం వేరు? పోనీ, ముక్క తీశారే అనుకోండి. ఇంకోచోట పాతే లోపు అది ఎక్కడికి దూకుతుందో మీకు తెలుసా? ఆ రోజు లోహం కోసినప్పుడు రాలిన రజను ఏం చేశాం? ఊడ్చి చెత్తబండిలో పోశాం. ఊరంతా తిరిగింది ఆ బండి. ఎవరి పెరట్లో ఉందో, ఏ బడి ముందు మట్టిలో ఉందో."

"ఒక్క పూటకి ఏం కాదు ఇందుమతీ. తర్వాత తీరిగ్గా చూసుకుందాం," అన్నారు జోగారావు గారు. ఆ మాటలో బతిమాలడం ఉంది.

ఇందుమతి లేచి సింహద్వారం దగ్గరికి వెళ్ళింది. గడప మీద కాలు పెట్టడానికి ధైర్యం చాల్లేదు. కళ్ళు మూసుకుని పెట్టింది. మెల్లగా దాని మీద కూర్చుని, కూతురు కూర్చున్నట్టే మోకాళ్ళు ముడుచుకుంది.

"సార్, నేను గడప మీద కూర్చున్నాను. మీ ముక్క నా కిందే ఉంది. తవ్వాలంటే నన్ను లేపాలి. మడత వేస్తే మొత్తం నా మీదే పడుతుంది. ఆ సంగతి అందరికీ చెప్పి అప్పుడు వేయండి."

"పిచ్చిపని చేయకండి. మీట దగ్గర ఇప్పుడు మీరు లేరు. ఎవరో ఒకరు ఒత్తేస్తారు. నా చేతుల్లో ఉందనుకుంటున్నారా? లేవండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"మీరు ఆపండి సార్. నేను లేవను."

"ఎంతసేపని కూర్చుంటారు?"

ఆమె ఫోను పెట్టేసింది.

కూర్మారావు వెనకాల నిలబడి అంతా విన్నాడు. "నువ్వు లే. పిల్ల లేస్తే నిన్నే అడుగుతాది. నేను కూర్చుంటాను," అన్నాడు.

"మీకు పట్టుమని పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం రాదు. పేపరు చదువుతూనే నాలుగుసార్లు లేస్తారు," అంది. నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది. "భయంగా ఉందండీ. చచ్చేంత భయంగా ఉంది. అయినా మీరు రావద్దు. లోపలుండండి, పాప దగ్గర."

ఆయన వెళ్ళి నీళ్ళ బిందె, అన్నం గిన్నె, దుప్పటి తెచ్చి ఆమెకి అందేలా పెట్టాడు. ముప్పై గంటలకి సరిపోతాయా అని లెక్కలు వేసుకుని ఇంకో బిందె తెచ్చాడు. గున్నమ్మ గది గుమ్మంలోంచి కోడలిని చూసింది. లేవమని అనలేదు.

ఎండ నడినెత్తికొచ్చి, పడమటికి వాలింది. తవ్వుతామన్నవాళ్ళు ఎవరూ రాలేదు. నాలుగు కావస్తోంది. విమానాశ్రయం వైపు నుంచి ఇంజన్ల మోత వినిపిస్తోంది. అది బయలుదేరే మోతో, ఆపేసే మోతో ఇన్నేళ్ళు అక్కడ పనిచేసిన ఇందుమతికి కూడా తెలియలేదు. వాకిలి అవతల వీధి, వీధి అవతల ఎదురింటి నీలం గేటు ఉన్నాయి. మడత వేస్తే ముందు ఆ గేటే దూరమవుతుంది, అందుకే ఆమె దాని మీంచి చూపు తిప్పలేదు. రెప్ప వేస్తే దూరమైపోతుందేమోనని రెప్ప వేయడానికి కూడా భయపడింది. కళ్ళు మండి నీళ్ళు కారాయి, రెప్ప పడింది, తెరిచి చూసింది.

గేటు ఉన్నచోటే ఉంది.

మళ్ళీ చూసింది. ఇంకా ఉన్నచోటే ఉంది.